నేలఉసిరికి ఇమ్తెహాన్

మొన్న జుమ్మా నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. నంబులపూలకుంట నుంచి మా మామూ కొడుకు.

"భాయీ, ఒక మాట అడగాల. ఈ మాత్ర నిలిపేసి ఆకుమందు తాగనా? మూడు వారాలు పథ్యం ఉండి తాగితే జిందగీలో మళ్లీ మాత్రతో పని లేదంటున్నారు."

జవాబు వెంటనే తోచలేదు. "ఫోన్లో చెప్పే మాట కాదు, ఆదివారం నేనే వస్తా. అంతవరకు ఒక్క పూట కూడా మాత్ర మానొద్దు" అన్నా. వాడు "సరే భాయీ" అన్నాడు గానీ ఆ గొంతులో నమ్మకం లేదు. వాడిది హెపటైటిస్ బి. వేసుకునేది టెనోఫొవిర్. ఆ మాత్ర వైరస్‌ని అణిచిపెడుతుంది, ఒంట్లోంచి పూర్తిగా తుడిచిపెట్టదు. రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి. ముప్పై దాటని మనిషికి అది చిన్న బరువు కాదు.

వాడికి ఆకు మీద ఉన్న యకీన్ వాళ్ల అబ్బా నుంచి వచ్చింది. మామూది మేకల వ్యాపారం. పల్లెల్లో కొని కదిరి సంతలో అమ్మేవాడు. ఒక ఎండాకాలం కళ్లు పసుపుపచ్చగా మారాయి, కూడు చూస్తే వాంతి వచ్చేది. అందరూ పోయేచోటికే తనూ పోయాడు. పొద్దున్నే పరగడుపున మేకపాలల్లో కలిపిన పసరు, ఆపైన ఉప్పూ కారం లేని చప్పిడి కూడు. మూడు వారాలకి కళ్లు తెల్లబడ్డాయి. ముమానీ ఫాతెహా చేయించింది. అమ్మీ మా ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా "ఆ ఆకు తెప్పించండి" అనేది.

పదకొండేళ్ల తరువాత మామూ కడుపు నీళ్లతో ఉబ్బింది. బెంగళూరులో చూపిస్తే లివర్ గట్టిపడిపోయింది, హెపటైటిస్ బి అన్నారు. జీవితంలో ఆ రక్తపరీక్ష చేయించుకోవడం ఆయనకదే మొదటిసారి. ఏడు నెలలు బతికాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తే ఈ కొడుక్కీ ఉందని తేలింది.

ఇంతకీ ఆకు పనిచేసిందా, చేయలేదా? ఇప్పటికీ మా ఖాందాన్‌లో సగంమంది పనిచేసిందనే అంటారు. కళ్లు తెల్లబడింది అబద్ధం కాదు కదా.

నిజమే, అది అబద్ధం కాదు. కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదు, లివర్ దెబ్బతిన్నదని ఒళ్లు చూపించే గుర్తు. మన పల్లెల్లో దానికి ఎక్కువగా కారణం చెడిపోయిన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు. ఇవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. గర్భిణులకి మాత్రం ఇ రకం ప్రాణం మీదికి తెస్తుంది. పెద్దవయసులో బి రకం సోకినా నూటికి తొంభైఐదు మంది ఒళ్లు దాన్ని తనే తోలేస్తుంది. అదే వైరస్ తల్లి నుంచి పుట్టిన బిడ్డకి సోకితే నూటికి తొంభైమందిలో జీవితాంతం ఉండిపోతుంది. అలా దాక్కున్న వైరస్ మధ్యలో ఒకసారి బుసకొట్టి మళ్లీ సద్దుమణగొచ్చు. ఆ బుసే మామూ పచ్చకళ్లు కావచ్చు, లేదా నీళ్లతో వచ్చిన వేరే కామెర్లు కావచ్చు. ఏ రక్తపరీక్షా చేయలేదు కాబట్టి ఇక ఎవరూ చెప్పలేరు. ఆకుకి మాత్రం ఘనత దక్కింది. లోపలున్న దొంగ పదకొండేళ్లు నిమ్మళంగా లివర్‌ని తింటూ కూర్చుంది.

ఆదివారం పోయాను. తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ దారి ఎరుకే. గూటిబయలు దగ్గరి ఆ మాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇటు తిరిగితే వేల ఎకరాల్లో సోలార్ పలకలు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మందిచ్చే పెద్దాయన దగ్గరికే పోయాను. పైసా తీసుకోడు. వాళ్ల నాయన నేర్పించిన మందంట. "ఆకు నాది, బాగుచేసేది పైవాడు" అన్నాడు. మోసగాడు కాదు, నేక్ ఇన్సాన్.

"పెద్దాయనా, ఇన్నేళ్లలో బాగుకానోళ్లు ఎంతమంది?" అని అడిగా.

కాసేపు ఆలోచించి, "బాగైనోళ్లు కోడిపుంజు పట్టుకొని చెప్పడానికొస్తారు. బాగుకానోళ్లు మళ్లీ నా తావుకి ఎందుకొస్తారు సాయిబూ?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నా. మందుల పరీక్ష ఎందుకు కావాలో ఇంత సాఫ్‌గా చెప్పిన మాట నేను వినలేదు. బాగుకానివాళ్లు తిరిగి రారు. వాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. పరీక్ష అంటే వాళ్లని కూడా వెతికి లెక్కపెట్టడం. ఆ మందు తాగనివాళ్లలో ఎంతమంది బాగయ్యారో పక్కన పెట్టి పోల్చడం.

ఆయన ఇచ్చే ఆకుల్లో ముఖ్యమైనది నేలఉసిరి. మన హకీంలు దాన్నే భుయీ ఆమ్లా అంటారు, ఆయుర్వేదంలో భూమ్యామలకి. వానపడితే గట్ల మీద, గుట్టల కింద ఎక్కడైనా మొలిచే చిన్న మొక్క. దీన్ని ఎవరూ పట్టించుకోలేదని అనుకునేవాళ్లు ఒక కథ వినాలి.

హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న శాస్త్రవేత్త బారూచ్ బ్లంబర్గ్. ఆయన, వెంకటేశ్వరన్, ఇంకొందరు అమెరికాలో ఈ నేలఉసిరి సారాన్ని పరీక్షించారు. గాజు గొట్టంలో అది వైరస్ పెరగడానికి కావలసిన ఎంజైమ్‌ని అడ్డుకుంది. హెపటైటిస్ బి లాంటి వైరస్ సోకే వుడ్‌చక్ అనే జంతువు మీదా ఫలితం కనిపించింది. 1987లో ఆ వివరాలు అచ్చయ్యాయి. 1988లో త్యాగరాజన్ బృందం మద్రాసులో మనుషుల మీద చేసిన తజ్రబా 'లాన్సెట్'లో వచ్చింది. నెలరోజులు మొక్కపొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తి పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే మాయమైంది. దునియా అంతా మద్రాసు వైపు చూసింది. మన పల్లె వైద్యం గెలిచిందని ఎంతమంది మురిసిపోయుంటారో!

ఆ పరిశోధకులు మాత్రం ఇది తొలి అధ్యయనమేనని చెప్పారు. అందుకని వేరేవాళ్లూ చేసి చూశారు. థాయిలాండ్‌లో చేశారు, న్యూజిలాండ్‌లో చేశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో కొక్రేన్ సంస్థవాళ్లు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ముందేసుకుని చూసి, ఉత్తి మందుకంటే ఇది మేలని నమ్మడానికి తగిన సబూత్ లేదని తేల్చారు. చాలా పరీక్షలు సరైన పద్ధతిలో జరగలేదని కూడా చెప్పారు.

ఇక్కడ రెండు రకాలవాళ్లు తొందరపడతారు. ఒకరు "చూశారా, పసరంతా బక్వాస్" అంటారు. ఇంకొకరు "అంతా ఇంగ్లీషు మందుల కంపెనీల సాజిష్" అంటారు. ఇద్దరి మాటా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఫలితం ఎందుకు మారిందో అడగడంలోనే అసలు ఇల్మ్ ఉంది.

మొదట మొక్క పేరు. మనం నేలఉసిరి అనేది ఒకే మొక్క కాదు. ఫిల్లాంథస్ అమారస్, నిరూరి, యురినేరియా అని అన్నదమ్ముల్లాంటి జాతులు. మన దేశంలో చాలాకాలం ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టి రాశారు. నేల మారితే, కోసిన నెల మారితే, ఎండబెట్టే తీరు మారితే లోపలి సారమూ మారుతుంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తర్వాత డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి, ఈ పేర్ల తకరారు నాకు కొత్త కాదు. అమ్మీ కలోంజీ తెమ్మంటే నేను అంగడిలో నల్ల జీలకర్ర అని అడిగేవాణ్ణి, ఆయన షాజీరా పొట్లం కట్టేవాడు. బిర్యానీకైతే సర్దుకోవచ్చు. మందుకి సర్దుకోలేం.

రెండోది, గాజు గిన్నెకీ ఒంటికీ ఉన్న దూరం. గిన్నెలో వైరస్‌ని సబ్బునీళ్లూ చంపుతాయి. వైరస్‌ని అడ్డుకునే మోతాదులో అది మన కణాలని కూడా చంపుతుందా? మింగితే రక్తంలోకి చేరుతుందా? చేరితే లివర్ దాన్ని క్షణాల్లో విరగ్గొట్టి పారేస్తుందా? పసుపులోని కర్క్యుమిన్ గిన్నెల్లో ఎన్నో వైరస్‌ల మీద పనిచేసినట్టు కనిపించింది. కానీ మనం తిన్నది రక్తంలోకి చేరేది బహు తక్కువ. పేపర్లో "ఫలానా ఆకు వైరస్‌ని చంపుతుంది" అని హెడ్డింగ్ కనిపిస్తే అది గిన్నెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా అని చూడండి. మా వృత్తివాళ్లు ఆ ముక్క చివరి పేరాలో దాచిపెడతారు. నేనూ దాచినవాణ్ణే, గలతీ ఒప్పుకుంటున్నా.

మూడోది, లెక్క. నేలవేము మనకి తెలిసిందే, కల్మేఘ్. కరోనా కాలంలో థాయిలాండ్ ప్రభుత్వం దాన్ని ఊపిరితిత్తుల దాకా రాని జబ్బుకి వాడింది. 57 మంది మీద చేసిన ఒక పరీక్షలో మందు తీసుకున్న 29 మందిలో ఎవరికీ న్యుమోనియా రాలేదు, తీసుకోని 28 మందిలో ముగ్గురికి వచ్చింది. గెలిచిందన్నారు. తరువాత 2021లో ఆ పరిశోధకులే లెక్కలో పొరపాటు జరిగిందని ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. సున్నాకీ మూడుకీ తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు. అంత చిన్న గుంపుతో ఫైసలా చెప్పలేం. తప్పు తామే చెప్పుకున్నారు చూడండి, ఆ ఈమాన్‌దారీ లేకుండా ఏ తజ్రబా పనికిరాదు.

అదే తక్కెడలో మన కలోంజీని కూడా పెట్టాలి. మన ఇళ్లల్లో దాని ఇజ్జత్ ఏమిటో చెప్పక్కర్లేదు. లాహోర్‌లో కరోనా రోగులు 313 మంది మీద తేనె, కలోంజీ కలిపి పరీక్షించారు, కొందరికి ఉత్తి మందిచ్చి పోల్చారు. మేలు జరిగినట్టే ఫలితం వచ్చింది. నా దిల్ సంతోషపడింది. కానీ మద్రాసు నేలఉసిరికి కూడా మొదట ఇలాగే కదా సంతోషపడ్డాం? ఇంకోచోట, ఇంకా పెద్ద గుంపుతో, వేరేవాళ్లు చేసినప్పుడు అదే రావాలి. మనకి ఇష్టమైన మందుకి ఒక తక్కెడ, పక్కవాడి మందుకి ఇంకో తక్కెడ పెడితే అది ఇన్సాఫ్ కాదు.

మన రాష్ట్రానికి ఈ పాఠం నేర్చుకునే మోకా ఒకటి వచ్చింది. 2021 మే నెల, నెల్లూరు జిల్లా కృష్ణపట్నం, ఆనందయ్య మందు. ఆక్సిజన్ లేక జనం ప్రాణాలు వదులుతున్న రోజులు. వేలమంది ఆ ఊరికి పరిగెత్తారు. జనం తోసుకుంటుంటే పంపిణీ ఆపారు. ఆయుష్‌వాళ్లు చూసి హాని చేసే సరుకేమీ లేదన్నారు. మే 31న ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి ఇజాజత్ ఇచ్చింది, డాక్టర్లు రాసిన మందులు మానొద్దని చెప్పింది. టీవీల్లో పగలూ రాత్రీ రెండు జట్లు కొట్లాడుకున్నాయి. హాని లేదు అనడానికీ పనిచేస్తుంది అనడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పేవాడి గొంతు ఎవరికీ వినబడలేదు. అంతమంది రోగులు వాళ్లంతట వాళ్లే వచ్చి వరస కట్టిన చోట, ఒప్పుకున్నవాళ్లని రెండు గుంపులు చేసి నెలరోజులు లెక్క రాసుంటే ఈపాటికి అవునో కాదో తెలిసేది. కరోనా పోయింది, ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

హాని లేదు అనే మాట కూడా పరీక్షించాకే అనాలి. అదే కరోనా కాలంలో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ తాగినవాళ్లలో ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, లివర్ జబ్బు ఉన్నవాడు "ఆకే కదా" అని ఏదిబడితే అది తాగకూడదని మాత్రం తెలుస్తోంది. కామెర్లకి పసరు తాగేది సరిగ్గా లివర్ దెబ్బతిన్నవాడే కదా!

ఇదంతా ఫిరంగీల పద్ధతి, మన హిక్మత్‌కి ఈ తక్కెడలు ఎందుకని కొందరు హకీం సాబులు నాతో వాదించారు. వాళ్లకి అదబ్‌తో చెప్పేది ఒకటే. వెయ్యేళ్ల కిందట ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో మందుని పరీక్షించే షరతులు రాశాడు. మందు కల్తీ లేనిదై ఉండాలి, ఒకే జబ్బున్న మనిషి మీద చూడాలి, ఫలితం ఎప్పుడు వచ్చిందో గమనించాలి, ప్రతిసారీ వస్తోందా లేక ఒకసారి తుక్కాగా వచ్చిందా చూడాలి, చివరికి మనిషి మీదే తేల్చాలి, జంతువు మీద పనిచేసింది మనిషి మీద పనిచేయకపోవచ్చు. మద్రాసు నుంచి న్యూజిలాండ్ దాకా నేలఉసిరి కథ ఈ షరతుల్లోనే ఉంది. ఆయనకంటే ముందువాడు అల్ రాజీ. సర్సాం జబ్బుకి రక్తం తీయడం మేలు చేస్తుందో లేదో తేల్చడానికి ఒక గుంపు రోగులకి కావాలనే రక్తం తీయకుండా ఉంచి పోల్చాడు. మరి పరీక్షంటే మనకి భయమెందుకు? పరీక్ష లేకుండా అమ్ముకోవడమే వాళ్ల విరాసత్‌కి ద్రోహం.

కానూన్ కూడా అలాగే ఉంది. పాత గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద, యునానీ నుస్ఖాకి లైసెన్స్ రావాలంటే అది పనిచేస్తుందని మనుషుల మీద కొత్తగా చూపించక్కర్లేదు. ఇది మన వైద్యానికి ఇచ్చిన గౌరవం అనుకుంటున్నాం. బడిలో ఒక పిల్లాడికి మాత్రమే పరీక్ష పెట్టకుండా పాస్ చేస్తే అది గౌరవమా? వాడి మీద మాస్టారుకి ఉమ్మీద్ లేదని అర్థం.

నాకు ఆకు మీద ఉమ్మీద్ ఉంది. చైనాలో తు యుయు అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథం చదివి, ఆకుని మరగబెడితే గుణం పోతోందేమో అని చల్లగా సారం తీసి చూసింది. అలా వచ్చిన ఆర్టెమిసినిన్ మలేరియా నుంచి లక్షల ప్రాణాలు కాపాడింది, ఆమెకి 2015లో నోబెల్ వచ్చింది. మన బిర్యానీలో వేసే అనాసపువ్వులో షికిమిక్ ఆమ్లం ఉంటుంది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మందు తయారీ దానితోనే మొదలైంది. అలాగని ఫ్లూ వస్తే బిర్యానీ తిని పడుకుంటే తగ్గదు. ఆ ఆమ్లాన్ని ఎన్నో మెట్లు మార్చి మార్చి, ఒక్కో మెట్టునీ పరీక్షించాకే అది మందయింది. మొక్క ఇచ్చేది కచ్చా సరుకు, దాన్ని దవాగా మార్చేది పరీక్ష.

2018 జులై 28న దేశంలో వైరల్ హెపటైటిస్ కార్యక్రమం మొదలైంది. పరీక్ష, మందు ముఫ్త్. పుట్టిన 24 గంటల్లో బిడ్డకి వేసే టీకా ఉంది. దాన్ని 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డిగారు ఇక్కడే తయారుచేసి మామూలు మనుషులకి అందే ధరకి తెచ్చారు. అయినా 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 2.98 కోట్లమందికి ఈ జబ్బుంది. మా మామూలాగే చాలామందికి తమకుందని తెలియదు. వాళ్లలో ఎంతోమంది మొదట తట్టేది ఆకుమందు ఇచ్చే తలుపునే.

అందుకే నేననేది, ఆ తలుపు దగ్గరే పరీక్ష మొదలుపెట్టండి. పెద్దాయనని దొంగలా చూడొద్దు, జట్టులో కలుపుకోండి. మందిచ్చే రోజున ఒక నర్సుని కూర్చోబెట్టి, పసరుకి ముందు రక్తం తీయండి. ఎ, ఇ అయితే ఎంతమంది ఎన్నిరోజులకి బాగయ్యారో రాయండి. బి ఉందని తేలితే మాత్రలకి పంపండి. ఆరు నెలలకి మళ్లీ చూడండి, తిరిగి రానివాళ్ల ఇంటికి పోయి అడగండి. ఏ మొక్కో చెట్టు శాస్త్రం తెలిసినవాళ్లతో తేల్చండి. గుణముందని తేలితే దాన్ని కాపాడుకొచ్చిన ఊరికి హక్కు రావాలి. ఎర్రగడ్డలో కేంద్రప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ ఉంది, కర్నూలులో యునానీ కాలేజీ ఉంది. సోలార్ పార్కు కోసం ఇక్కడి ఎండని కొలిచారు, 2016లో కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఆ పలకల మధ్య మొలిచే ఆకుని కొలవడానికి అంతకంటే చాలా తక్కువ ఖర్చవుతుంది.

ఇక మా తమ్ముడి ప్రశ్నకి జవాబు. పెద్దాయన ఇంటి ముందు చింతచెట్టు కింద కూర్చుని చెప్పాను. "తమ్మీ, ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే అణిగివున్న వైరస్ ఒక్కసారి లేస్తుంది, లివర్ పాడైపోయి ప్రాణం పోవచ్చు. ఆకు ఇమ్తెహాన్ రాసి పాసైన రోజు నేనే నీకు కోసుకొచ్చి ఇస్తా. అంతవరకు మాత్ర."

వాడు మాట్లాడలేదు. పెద్దాయనే అందుకున్నాడు. "మీ నాయనకి నేనే ఇచ్చినా కదా నాయనా. కళ్లు తెల్లగైనాయని నేనూ సంతోషపడితి. లోపల ఇంకోటి ఉందని నాకేం తెలుసు? నువ్వు మాత్ర వేసుకో."

తిరుగు ప్రయాణంలో కదిరి దాకా వాడు నాతోనే వచ్చాడు. భార్యకి, ఇద్దరు పిల్లలకి రక్తపరీక్ష ఇంకా చేయించలేదని దారిలో చెప్పాడు. సోమవారం చేయించాడు. ముగ్గురికీ లేదు. అల్హందులిల్లా. భార్యకి టీకా మొదటి సూది కూడా వేయించాడు. పిల్లలకి పుట్టినప్పుడే వేశారు.